వానలకి ముందు బ్రేకుల పని: చవక ప్యాడ్లు కొనొచ్చా?

ఒడిశాలోని మా జయపురంలో జూన్ నడిమి రజో పండుగ వెళ్లిందంటే వానలు దిగినట్టే. ఆ వెంటనే రథయాత్ర, ఆపైన శ్రావణం పెళ్లిళ్లు. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామందికి చుట్టరికాలన్నీ సాలూరు, బొబ్బిలి, విజయనగరం వైపే. పెద్ద జబ్బు చేసినా పరుగెత్తేది విశాఖకే. అంటే సరిగ్గా వాన జోరుగా ఉన్న రెండు నెలల్లోనే కోరాపుట్ మీదుగా సుంకి ఘాట్, అంటే సాలూరు వైపు దిగే కొండదారి, దిగాల్సిన పని పడుతుంది.

నేను రెండు కార్లు కిరాయికి తిప్పుతాను. మే నెలాఖరుకే రెండిటి చక్రాలూ విప్పించి బ్రేకులు చూపిస్తాను. బ్రేకు తొక్కితే చక్రంతో పాటు తిరిగే ఇనప డిస్కుని రెండు వైపులా నొక్కి ఆపే బిళ్లలే ప్యాడ్లు. అప్పుడు తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న ప్రతి ఏడూ ఒకటే: "షోరూంలో ప్యాడ్లకి అంత చెప్తున్నారు, బజార్లో మూడో వంతుకే దొరుకుతున్నాయి, వేయించెయ్యమంటావా?"

బజార్లోవన్నీ ఒకే జాతి కాదు. షాపువాడు బల్ల మీద మూడు డబ్బాలు పెడతాడు. ఒకటి కారు కంపెనీ పేరుతో వచ్చేది. రెండోది బ్రేకులు తయారుచేసే కంపెనీయే తన సొంత పేరుతో అమ్మేది: రానే, టీవీఎస్ గర్లింగ్, బాష్, అలైడ్ నిప్పన్ లాంటివి. వీళ్లలో కొందరు కార్ల కంపెనీలకీ సరుకిచ్చేవాళ్లే. మూడోది పేరూ ఊరూ లేని రంగుల డబ్బా, లేదా మొదటి రెండింటి వేషం వేసుకున్న నకిలీ. "లోకల్" అనే ఒక్క మాటతో రెండోదాన్నీ మూడోదాన్నీ కలిపేస్తారు, తకరారంతా అక్కడే. రెండో డబ్బా నేను కళ్లు మూసుకుని కొంటాను. షోరూం ధర కంటే తక్కువకే వస్తుంది, పని అంతే చేస్తుంది. మూడో డబ్బాని ఊరికే ఇచ్చినా వద్దంటాను. ఎందుకు వద్దంటానో చెప్పాలంటే ఒక శ్రావణం సంగతి చెప్పాలి.

ఆ ఏడు ఒక పెళ్లి కిరాయి. రెండు రోజుల ముందే ముందు చక్రాలకి ప్యాడ్లు మార్పించాను. నాలుగు వందల ఇరవై రూపాయలు, బిల్లు లేదు. జయపురం బజార్లో తిప్పి చూశాను, బ్రేకు పట్టు బ్రహ్మాండంగా ఉంది. చవక ప్యాడ్లలో ఉన్న మాయే అది. ఊళ్లో నలభై స్పీడులో, చల్లగా ఉన్నప్పుడు, అవి కొత్త అల్లుడంత బుద్ధిగా ఉంటాయి. సుంకి దాటి వంపులు మొదలయ్యాక మొదట వాసన వచ్చింది, మాడిన అట్లపెనం వాసన. వెనక సీట్లో పెద్దావిడ "ఏటి బాబూ, ఏదో కాలతంది" అంది. ఇంకో రెండు వంపులు తిరిగేసరికి పెడల్ రాయిలా గట్టిగా ఉంది, కారు మాత్రం ఆగడం లేదు. గేరు మూడు నుంచి రెండుకి, రెండు నుంచి ఒకటికి లాగి, కొండ వైపు మట్టిలోకి ఎక్కించి ఆపాను. అరగంట చల్లారనిచ్చి, మొదటి గేరులోనే పాక్కుంటూ దిగాం.

సాలూరులో మెకానిక్ ప్యాడ్లు ఊడదీసి చేతిలో పెట్టాడు. వాటి ముఖం అద్దంలా మెరుస్తోంది. అంచు దగ్గర స్క్రూడ్రైవర్ పెట్టి ఒక్క మెలి తిప్పాడంతే, లైనింగు, అంటే డిస్కుకి రాసుకుని అరిగే పొర, ఇనప పలక మీద నుంచి పల్లీపట్టీలా ముక్క లేచి వచ్చేసింది. "ఇవి ప్యాడ్లు కావు బాబూ, పిడకలు" అన్నాడు.

తప్పు ప్యాడ్లది సగం, నాది సగం. వాటిని నమ్మి బ్రేకు మీద కాలు ఉంచి దిగాను. కానీ ఆ దిగుడులో ఎంత వేడి పుడుతుందో ఒకసారి లెక్క వేసి చూడండి. కోరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది, సాలూరు 120 మీటర్ల దగ్గర. మనుషులతో, సామానుతో కలిపి 1,200 కిలోల కారు ఆ 750 మీటర్లూ దిగితే పాతిక లీటర్లకి పైగా చన్నీళ్లని మరగబెట్టేంత శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గాలికి కొంత పోతుంది. గేరులో ఉంటే ఇంజను చాలా భాగం మింగుతుంది. మిగిలిందంతా అరచేతి వెడల్పున్న నాలుగు ప్యాడ్ల మీద, వెనక చక్రాల డ్రమ్ము బ్రేకుల మీద పడుతుంది. లైనింగులో పొడినంతా పట్టి ఉంచేది ఒక రకం బంక. చవక సరుకులో ఆ బంక నాసిరకం, దాన్ని ఉడికించడం కూడా అరకొరే. వేడి మీరితే అది ఆవిరై ప్యాడుకీ డిస్కుకీ మధ్య జారుడు పొరలా నిలుస్తుంది. పెడల్ గట్టిగా ఉండి కారు ఆగకపోతే తప్పు ప్యాడ్లది. పెడల్ మెత్తబడి కిందికంటా దిగిపోతే మరిగింది బ్రేక్ ఆయిల్, అంటే పెడల్ ఒత్తిడిని చక్రాలకి చేర్చే ద్రవం. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మెకానిక్‌కి చెప్పడానికి పనికొస్తుంది.

కొనేటప్పుడు డబ్బా చూసి మోసపోకండి, ప్యాడు బయటికి తీయించండి. ఇనప పలక వెనక గానీ లైనింగు అంచున గానీ తయారీదారు గుర్తు, బ్యాచి నంబరు, చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు ఉంటాయి: ఈఈ, ఎఫ్ఎఫ్, జీజీ, ఇలా. మొదటి అక్షరం మామూలు వేడిలో పట్టు ఎంతో చెబుతుంది, రెండోది బాగా వేడెక్కాక ఎంతో చెబుతుంది. ఈ (E) అంటే రాపిడి లెక్క (ఎంత ఎక్కువైతే అంత పట్టు) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45. ఘాట్ మనిషికి కావలసింది రెండో అక్షరమే. మొదటిది ఎఫ్, రెండోది ఈ అని ఉంటే వేడికి పట్టు తగ్గుతుందని వాళ్లే ఒప్పుకుని రాసినట్టు. యూరప్ ప్రమాణం ఆర్ 90 గుర్తు, అంటే వృత్తంలో ఇంగ్లిష్ E అక్షరం, పక్కన అంకె ఉంటే మరీ మంచిది. అసలు ప్యాడు పట్టుకి పదిహేను శాతం తేడాలోపే ఉండాలన్నది ఆ ప్రమాణం షరతు. అయితే ఒక్కమాట, అక్షరాలు అచ్చు వేయడం నకిలీవాడికీ వచ్చు. అందుకే గుర్తులతో పాటు గోటితో అంచు గీకి చూడండి. పొడి రాలినా, పలకకీ లైనింగుకీ మధ్య సందు కనిపించినా వెనక్కి ఇచ్చేయండి.

ఇంకో ఆనవాలు షెడ్డులో దొరుకుతుంది. కొత్త ప్యాడు కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) బ్రాకెట్లో చేత్తో తోస్తే జారాలి. మెకానిక్ ఆకురాయి తీసి పలక చెవులు అరగదీయడం మొదలుపెట్టాడంటే అక్కడే ఆపండి. కొలత కుదరని సరుకది. ఇప్పుడు దూరినా, వానాకాలపు బురదా తుప్పూ చేరాక బిగుసుకుపోయి, కాలు తీసినా డిస్కుని వదలదు.

బిల్లు అడగండి. "బిల్లయితే ఇరవై ఎనిమిది శాతం టాక్సు" అనే పాత పాట ఇప్పుడు చెల్లదు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలకి జీఎస్టీ పద్దెనిమిది శాతమే.

డబ్బు మిగుల్చుకోవాలంటే చోట్లు లేకపోలేదు. డిస్కులు మంచి పేరున్న బయటి కంపెనీవి నిక్షేపంగా వాడొచ్చు. అసలు డిస్కు మార్చాలో లేదో ముందు చూసుకోండి, దాని మీదే కనీస మందం చెక్కి ఉంటుంది, అంతకంటే పైన ఉంటే మార్చనక్కర్లేదు. చిన్న కార్లకి వెనక డ్రమ్ము షూల మీద భారం తక్కువ, అక్కడా రెండో డబ్బా చాలు. కానీ రబ్బరు ఉన్న దేంట్లోనూ కక్కుర్తి పడొద్దు. వీల్ సిలిండర్ కిట్టు, కాలిపర్ సీళ్లు, హోస్ పైపులు, మాస్టర్ సిలిండర్, ఇవన్నీ బ్రేక్ ఆయిల్ ఒత్తిడిని చక్రానికి చేర్చేవి: ప్యాడు పాడైతే పట్టు తగ్గుతుంది, ఇవి పాడైతే బ్రేకే ఉండదు. హోస్ పైపు పైకి నల్లగా నిగనిగలాడుతూ లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది, బయటి నుంచి చూస్తే తెలియదు. ఈ రబ్బరు భాగాలని పెట్రోలుతో కడగనివ్వకండి, కాలిపర్ పిన్నులకి బేరింగు గ్రీజు పూయనివ్వకండి. రెండూ రబ్బరుని ఉబ్బిస్తాయి. ఆ పిన్నులకి సిలికాన్ గ్రీజు వేరే ఉంటుంది.

బ్రేక్ ఆయిల్ గురించి మాత్రం కాస్త గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది గాలిలోంచి తేమ పీలుస్తుంది, మా కోరాపుట్ జిల్లా వానాకాలంలో తేమకి కొదవేముంది. డాట్ అన్నది ఆయిల్ రకం చెప్పే గుర్తు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు. మూడున్నర శాతం పైచిలుకు నీరు చేరేసరికి ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే కొత్తలో 230, నీరు చేరాక 155. మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు, పెడల్ నొక్కితే బుడగ నలుగుతుందే తప్ప చక్రానికి ఒత్తిడి చేరదు. కాబట్టి రెండేళ్లకోసారి మొత్తం మార్పించండి. పైన పోయడం కాదు, పాతదంతా దింపి, నాలుగు చక్రాల దగ్గరా బ్రేకు పైపుల్లోని గాలి తీయించాలి. షెడ్డు అల్మారాలో మూత విప్పి నెలలుగా ఉన్న సీసాలోంచి పోస్తానంటే ఒప్పుకోకండి, సీలు మీ ఎదుటే విప్పించండి. కారు పుస్తకంలో డాట్ 4 అని ఉంటే డాట్ 3 వద్దు. డాట్ 5 సిలికాన్‌ది, పేరు దగ్గరగా ఉందని దాన్ని వీటితో కలపకూడదు.

ప్యాడ్లు ఎప్పుడు మార్చాలి? కొత్తవి పది, పన్నెండు మిల్లీమీటర్లుంటాయి. మామూలుగా మూడు మిల్లీమీటర్లకి వచ్చాక మారుస్తారు, ఘాట్ దిగే కారుకి నేను నాలుగుకే మార్పిస్తాను. సన్నబడ్డ ప్యాడు వేడిని తొందరగా వెనక్కి, ఆయిల్ వైపు పంపేస్తుంది. ఎడమ చక్రానికి మారిస్తే కుడిదానికీ మార్చాల్సిందే, లేకపోతే తడి రోడ్డు మీద కారు పక్కకి లాగుతుంది. పాత దుమ్ము నోటితో ఊదడం, గాలి పైపుతో కొట్టడం వద్దు. పేరులేని లైనింగుల్లో రాతినార (ఆస్బెస్టాస్, ఊపిరితిత్తులకి చేటు) ఉన్నా చెప్పేవాడు లేడు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఆ పెళ్లి కిరాయికి నేను చేసిన ఇంకో పెద్ద తప్పు రెండు రోజుల ముందు మార్పించడం. ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడాలి. ఖాళీ రోడ్డు మీద యాభై, అరవై స్పీడు నుంచి ఇరవైకి మెల్లగా తగ్గించడం, కాస్త చల్లారనివ్వడం, మళ్లీ అదే. ఇలా ఇరవై ముప్పై సార్లు. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకు కొట్టకండి. అంటే పనంతా వానలకి కనీసం రెండు వారాల ముందే అయిపోవాలి.

దిగేటప్పటి సంగతులు మీకు తెలిసినవే, అయినా చెబుతాను. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. నూట్రల్ మాట తలపెట్టొద్దు. బ్రేకు మీద కాలు వేలాడదీయకుండా, గట్టిగా నొక్కి స్పీడు తగ్గించి పూర్తిగా వదిలేయాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ వస్తోంది, కానీ అది చక్రం బిగుసుకుని జారకుండా చూస్తుందే తప్ప కాలిపోయిన ప్యాడుకి పట్టు తెప్పించలేదు. నీళ్లలోంచి దాటాక బ్రేకు మెల్లగా నాలుగైదు సార్లు తాకించి ఆరబెట్టండి, డ్రమ్ములు ఆరడానికి ఇంకా సమయం పడుతుంది. బ్రేకులు మాడిన వాసన వస్తే ఆగండి, చక్రాల మీద నీళ్లు కుమ్మరించకండి, డిస్కు వంకర పోతుంది. వేడి మీద హ్యాండ్ బ్రేక్ లాగకుండా గేరులో పెట్టి, చక్రాల కింద రాళ్లు వేయండి.

కిందికి దిగాక, పి.కోనవలస దాటి ఎక్కడ టీకి ఆగినా సరే, ముందు కారు చుట్టూ ఒకసారి తిరగండి. నాలుగు చక్రాల దగ్గరా జానెడు దూరంలో అరచెయ్యి పెట్టండి, తాకకండి. ముందు రెండూ ఒకే సెగలో ఉండాలి. ఒకటి మాత్రం పొయ్యిలా కొడుతుంటే ఆ కాలిపర్ పిన్ను పట్టేసిందన్నమాట. టీ తాగేసి నేరుగా సాలూరులో షెడ్డుకి పొండి, పెళ్లివారు ఒక గంట ఆగుతారు.