పాత ఇంగ్లీషు నవల్లో ‘రేక్’ ఎదురైతే తెలుగులో ఏమని రాయాలి

మా చిన్నతాతకు మా అవ్వ రెండు పేర్లు పెట్టింది. ఆయన మల్లెపువ్వులాంటి పంచె కట్టి, అత్తరు పూసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కితే ‘షోకిల్లా బయల్దేరినాడు’ అని నవ్వేది. నాలుగు దినాల తర్వాత పేకాటలో అంతా పోగొట్టుకుని ఇల్లు చేరితే ‘ఆ తిరుగుబోతుకు అన్నం పెట్టొద్దు’ అనేది. ఈ రెండు పేర్లకూ కలిపి పాత ఇంగ్లీషులో ఒకే మాట ఉంది: రేక్. కడపలో మా ఇంట్లో డిగ్రీ పిల్లలకు అనువాదం నేర్పుతుంటాను. వాళ్లు ఎక్కువగా తడబడేది ఇలాంటి మాటల దగ్గరే.

ముందు అది మనిషా, పనిముట్టా చూసుకోండి. తోటలో చెత్త లాగే పళ్ల కర్ర కూడా రేకే. ఒకమ్మాయి ‘ఓల్డ్ రేక్’ను ‘పాత దంతె’ అని రాసుకొచ్చింది. ఫోన్‌లో మొదట కనబడే అర్థం అదే, ఆ పిల్ల తప్పేం లేదు. మనిషి అర్థంలో వాడే రేక్, ‘రేక్‌హెల్’ అనే 16వ శతాబ్దపు మాటకు కురచ రూపం. ఇంతటివాడు దొరకాలంటే నరకమంతా గాలించాల్సిందేనని దాని భావం. అంటే పుట్టుకలోనే అది తిట్టు. తర్వాత తర్వాత అందులోకి కొంచెం మురిపెం కూడా చేరింది.

అందుకే మాట వెతికే ముందు ఆ మనిషి సుఖానికి డబ్బు ఎవరిది, చివరికి ఏడ్చింది ఎవరు అని అడగండి. విలియం హోగార్త్ అనే చిత్రకారుడు ఒక రేక్ బతుకును ఎనిమిది బొమ్మల్లో గీసి, 1735లో అచ్చు వేయించాడు. పిసినారి తండ్రి కూడబెట్టిన ఆస్తి కొడుకు టామ్ చేతికొస్తుంది. కడుపుతో ఉన్న పిల్లను వదిలేస్తాడు. లండన్‌లో తాగుడు, జూదం, డబ్బు కోసం ముసలామెతో పెళ్లి, అప్పులవాళ్ల జైలు, ఆఖరికి పిచ్చాసుపత్రి. ఇతన్ని ‘విలాసపురుషుడు’ అంటే ఆ పిల్ల కన్నీళ్లు ఎక్కడికి పోతాయి? ఇక్కడ మా అవ్వ మాటే సరి, తిరుగుబోతు.

రచయితకు ఆ మనిషి మీద ముచ్చట ఉంటే షోకిల్లా, సోగ్గాడు, జల్సారాయుడు పనికొస్తాయి. ‘రసికుడు’ మెచ్చుకోలు, పాటా పద్యమూ తెలిసినవాడికే వాడండి. ‘భోగి’ అంటే మనవాళ్లకు ముందు పండుగ గుర్తొస్తుంది. ‘విటుడు’ అనగానే ఇంగ్లీషు దొర కావ్యంలోకి వెళ్లిపోతాడు. ‘జులాయి’కి జేబులో డబ్బుండదు, రేక్‌కు మొదట్లోనైనా ఉంటుంది. మన సాహిత్యంలో ఇతనికి దగ్గరివాడు తెనాలి రామకృష్ణుడి ‘పాండురంగ మాహాత్మ్యం’ కావ్యంలోని నిగమశర్మ. బుద్ధి చెప్పడానికి పుట్టింటికొచ్చిన అక్క నగలు కూడా ఎత్తుకుపోయినవాడు. ఆ కథ ఒకసారి చదివితే ఏ మాట ఎంత బరువు మోస్తుందో చెవికి పడుతుంది.

‘గే బ్లేడ్’ అని వచ్చినా కంగారు పడొద్దు. పాత రాతల్లో గే అంటే ఉల్లాసం, బ్లేడ్ అంటే కత్తి పట్టి తిరిగే హుషారైన కుర్రాడు. ఇప్పటి అర్థాన్ని అక్కడ పెట్టకండి. దీనికి ‘సోగ్గాడు’ చక్కగా సరిపోతుంది.

కడపలో ఉన్నవాళ్లు ఎర్రముక్కపల్లిలోని బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్లండి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. దాన్ని తిరగేసి వాడండి. మీరు రాద్దామనుకున్న తెలుగు మాట తీసి, దానికి బ్రౌన్ ఏ ఇంగ్లీషు మాటలిచ్చాడో చూడండి. అక్కడ తిట్టుంటే తిట్టని, ముచ్చటుంటే ముచ్చటని తెలిసిపోతుంది. నాకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

ఒక్కోసారి నామవాచకమే వద్దు. ‘దంతె’ రాసిన అమ్మాయికి మొన్న ‘కుర్రతనంలో ఆయన రేక్’ అనే అర్థం వచ్చే వాక్యం ఇచ్చాను. చాలాసేపు కూర్చుని ఇలా రాసింది: ‘వయసులో ఉన్నప్పుడు ఆయన తిరగని చోటు లేదు, చేయని అప్పు లేదు.’ నేను ఒక్క అక్షరం కూడా దిద్దలేదు.