ఇంట్లో బొమ్మ రైలుకు అరకు కొండలు కట్టడం ఎలా?

రైలు కొన్నారు, బల్ల మీద పట్టాలు వేశారు, తిప్పారు. నాలుగు రోజులకే బోర్ కొడుతుంది. వట్టి ప్లైవుడ్ మీద ఎన్ని చుట్లు తిరిగినా ఆ రైలు ఎక్కడికీ వెళ్తున్నట్టు ఉండదు మరి. అందుకే చుట్టూ కొండలు, సొరంగాలు కట్టాలి. నేను నమూనాగా అరకు మీదుగా వెళ్ళే కొత్తవలస-కిరండూల్ లైనును ఎంచుకున్నాను. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకు దిగే దారి ఇదే. అరకు వెళ్ళినవాళ్ళకు బొర్రా గుహల దగ్గర ఒకదాని వెంట ఒకటి వచ్చే సొరంగాలు గుర్తుండే ఉంటాయి.

ముందు కొలత చూసుకోండి. నాది హెచ్‌ఓ స్కేలు, అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. ఐదున్నర అడుగుల మనిషి ఇందులో 19 మిల్లీమీటర్లు, 10 మీటర్ల చెట్టు పదకొండున్నర సెంటీమీటర్లు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. మన బ్రాడ్‌గేజ్ లెక్కకు 19 పైన ఉండాలి. ఆ తేడాను చూసీచూడనట్టు వదిలేయండి.

రైలు ఎక్కడా పట్టాలు తప్పకుండా రెండు రోజులు తిరిగాకే కొండ జోలికి వెళ్ళండి. థర్మకోల్ షీట్లను పొరలు పొరలుగా ఫెవికాల్‌తో అంటించి, ఒక రాత్రి ఆరనిచ్చి, హ్యాక్సా బ్లేడుతో వాలుగా చెక్కాలి. చెప్పులకు వాడే ఘాటు వాసన గమ్ము, స్ప్రే పెయింటు దగ్గరికి రానివ్వద్దు. రెండూ థర్మకోల్‌ను తినేస్తాయి. నా మొదటి కొండకు స్ప్రే కొట్టి, టీ తాగి వచ్చేసరికి అది చెదపుట్టలా తయారైంది.

అసలు జాగ్రత్త సొరంగం దగ్గర. వంపులో పొడవాటి బోగీ నడుము లోపలికి, మూలలు బయటికి వస్తాయి. మీ దగ్గరున్న అన్నిటికన్నా పొడవైన బోగీకి నడుము దగ్గర ఒక పెన్సిల్, బయటి మూలన ఒక పెన్సిల్ టేపుతో కట్టి, చేత్తో మెల్లగా తోయండి. బల్ల మీద పడిన రెండు గీతలకూ ఇంకో అర సెంటీమీటరు అవతల గోడ కట్టండి. కొండ వెనక చెయ్యి పట్టేంత కంత కూడా వదలాలి. ఎప్పుడో ఒకప్పుడు రైలు లోపలే పడిపోతుంది, రాసిపెట్టుకోండి.

ఇప్పుడు పట్టాల మీద మాస్కింగ్ టేపు వేసి, పాత నూలు పంచె ముక్కలను ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో ముంచి కొండ మీద పరవండి. నీళ్ళలో పొడి వేయాలి గానీ పొడిలో నీళ్ళు పోయకూడదు, ఉండలు కడుతుంది. కొంచెం కొంచెంగానే కలుపుకోండి, నిమిషాల్లో గట్టిపడుతుంది. మిగిలింది సింకులో పోశారో, పైపు లోపల రాయి అవుతుంది.

ఆరాక కావి రంగులో నీళ్ళు ఎక్కువ కలిపి పూయండి. పైన వేసే మట్టి పెరటిదైనా చాలు. బాణలిలో వేయించి (పురుగులు చస్తాయి), టీ జల్లెడతో జల్లించి, అయస్కాంతం తిప్పండి. ఎర్రమట్టిలో ఇనుప రజను ఉంటే అది ఇంజను మోటారుకు అంటుకుంటుంది. మట్టి చల్లి, నీళ్ళు పిచికారీ చేసి, ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్ళు, ఒక చుక్క గిన్నెల లిక్విడ్ కలిపి సిరంజితో చుక్కలు చుక్కలుగా వదలండి. ఆ లిక్విడ్ లేకపోతే నీళ్ళు మట్టిలోకి ఇంకవు, ముత్యాల్లా పైనే దొర్లుతాయి. టేపు తీసేసి పట్టాల మధ్య కంకరకూ ఇదే పద్ధతి. రైలు దారి మార్చే చోట కదిలే పట్టాల దగ్గర మాత్రం గమ్ము పడనివ్వద్దు.

చెట్లకు పాత కరెంటు వైరులోని రాగి తీగలు మెలిపెట్టి కొమ్మలుగా విడదీయండి. స్పాంజిని నీళ్ళతో పాటు పాత మిక్సీలో తిప్పి, ఆరబెట్టి, రంగు వేసి అంటించండి (ఇంట్లో అడిగి మరీ మిక్సీ తీసుకోండి). షాపులో దొరికే చిలకపచ్చ అలాగే వాడితే బొమ్మల కొలువులా ఉంటుంది. కొంచెం కావి, కొంచెం నలుపు కలిపి చూడండి, అడవి రంగు వస్తుంది. లోయ అడుగున దట్టంగా, సొరంగం నెత్తిన పలచగా నాటండి.

చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో గుడ్డ ముంచి పట్టాల పైభాగం తుడవండి. కంటికి కనబడని గమ్ము పొర ఉన్నా ఇంజను ఆగి ఆగి నడుస్తుంది.