పటం మీద ఒక ఆహార సంస్థ – మూడో పాఠం: చుక్క పెట్టడం, వలయం గీయడం

గత రెండు పాఠాలలో నెస్లే ఇండియా కర్మాగారాల చిరునామాలను సేకరించి, ఒక్కొక్కదానికి అక్షాంశ రేఖాంశాలు చేర్చి, సీఎస్‌వీ ఫైలుగా (గడుల మధ్య కామాలు ఉండే సాదా పట్టికగా) భద్రపరచుకున్నాము. 1961 నాటి మోగా (పంజాబ్) మొదలుకొని 1967లో చోలాడి (తమిళనాడు), 1989లో నంజనగూడు (కర్ణాటక), 1990ల తొలి నాళ్లలో సమాల్ఖా (హర్యానా), 1995లో పోండా, 1997లో బిచోలిం (రెండూ గోవా), 2006లో పంత్‌నగర్ (ఉత్తరాఖండ్), 2012లో తాహ్లీవాల్ (హిమాచల్ ప్రదేశ్), ఆ తరువాత గుజరాత్‌లోని సానంద్ – మొత్తం తొమ్మిది వరుసలు మీ ఫైలులో ఉండాలి. పది, పదకొండు వచ్చాయంటే ఢిల్లీలోని రిజిస్టర్డ్ కార్యాలయం, గురుగ్రామ్‌లోని ప్రధాన కార్యాలయం కూడా జొరబడ్డాయన్న మాట. పొట్లం మీద అచ్చయిన ప్రతి చిరునామా తయారీ స్థలం కాదు కనుక, ఆ రెండింటినీ వేరే ఫైలులోకి మార్చండి.

ఇప్పుడు పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ తెరిచి, లేయర్ (పొర) మెనూలో యాడ్ డీలిమిటెడ్ టెక్స్ట్ లేయర్ ద్వారా ఫైలును తీసుకోండి. అక్కడ ఎక్స్ ఫీల్డు, వై ఫీల్డు అని రెండు గడులు కనిపిస్తాయి. మనం నోటితో చెప్పేటప్పుడు "అక్షాంశ రేఖాంశాలు" అనే వరుసలోనే చెబుతాము గాని, ఎక్స్ అంటే రేఖాంశం, వై అంటే అక్షాంశం. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు నోటి వరుసనే చేతికీ ఇచ్చేశాను. దానితో 30.82, 75.17 దగ్గర ఉండవలసిన మోగా నార్వేకు ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో తేలింది, నంజనగూడు స్వాల్‌బార్డ్ దీవుల పక్కన నీళ్లలో పడింది. పటం తెరవగానే భారతదేశం ఖాళీగా కనిపిస్తే ముందుగా అనుమానించవలసింది ఈ తారుమారునే.

రెండు దశాంశ స్థానాలు చాలునా అని కొందరికి సందేహం రావచ్చు. అక్షాంశంలో ఒక డిగ్రీ దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి రెండో దశాంశ స్థానంలో ఒక అంకె తేడా 1.1 కిలోమీటర్లు, నాలుగో స్థానంలో అయితే 11 మీటర్లు. దేశ పటానికి రెండు స్థానాలు చాలు. రేఖాంశం విషయంలో మాత్రం ఉత్తరానికి పోయే కొద్దీ డిగ్రీ కుంచించుకుపోతుంది. చోలాడి దగ్గర సుమారు 109 కిలోమీటర్లు ఉండే డిగ్రీ, మోగా దగ్గరకు వచ్చేసరికి 96 కిలోమీటర్ల లోపే ఉంటుంది. అందుకే డిగ్రీలలో ఉన్న పొర మీద వలయాలు గీయకూడదు. చుక్క చుట్టూ వలయం గీసే బఫర్ పనిముట్టులో దూరం గడిలో 100 అని కొడితే అది 100 కిలోమీటర్లు కాదు, 100 డిగ్రీలు. ఆ వలయం సగం భూగోళాన్ని కప్పేస్తుంది.

కాబట్టి ముందు రీప్రాజెక్ట్ లేయర్ ద్వారా పొరను ఈపీఎస్‌జీ 32643 అనే కోడు ఉన్న పద్ధతిలోకి, అంటే డిగ్రీలకు బదులు మీటర్లలో కొలిచే యూటీఎం 43 ఉత్తర మండలంలోకి మార్చండి. ఈ మండలం 72 నుంచి 78 డిగ్రీల తూర్పు రేఖాంశాల వరకు వర్తిస్తుంది. మన తొమ్మిదింటిలో ఎనిమిది దీనిలోనే ఇమిడిపోతాయి. పంత్‌నగర్ ఒక్కటే 44వ మండలానికి చెందుతుంది గాని, అంచు దాటింది ఒకటిన్నర డిగ్రీలే కనుక ఈ స్థాయి పటంలో ఆ తేడాను పట్టించుకోనక్కరలేదు. ఇప్పుడు దూరం మీటర్లలో అడుగుతుంది. 100000 అని ఇవ్వండి.

మోగా చుట్టూ ఏర్పడిన వలయాన్ని దగ్గరగా చూడండి. లూధియానా, ఫిరోజ్‌పూర్, ఫరీద్‌కోట్, బఠిండా లోపలే ఉన్నాయి. వాటితోపాటు కసూర్ కూడా ఉంది. కసూర్ పాకిస్తాన్‌లోని పట్టణం. మోగా నుంచి గీత గీసినట్టు కొలిస్తే 80 కిలోమీటర్లు కూడా లేదు. అక్కడి గేదె పాలు మోగాకు రావు, మోగా సరుకు అక్కడికి పోదు. వలయానికి సరిహద్దులు తెలియవు కాబట్టి, దేశ సరిహద్దు పొరను తెచ్చి క్లిప్ పనిముట్టుతో పడమటి ముక్కను కోసివేయండి. అలా కోసిన తరువాత మిగిలినదే ఈ కర్మాగారపు పాల పరిధికి తొలి అంచనా.

అయితే ఈ 100 కిలోమీటర్ల వలయం తొమ్మిదింటికీ ఒకే అర్థం ఇవ్వదు. ఈ పాఠంలో నిదానించవలసిన చోటు ఇదే. పాలలో సుమారు 87 శాతం నీరు. పొడి చేయదలచిన వాడు ఆ నీటిని లారీలలో దూరాలకు మోయించడం కన్నా కర్మాగారాన్నే పాడి ఉన్న చోటికి తీసుకుపోతాడు. నంజనగూడులో ఇన్‌స్టంట్ కాఫీ తయారవడానికి కొడగు, చిక్కమగళూరు, హాసన్ తోటలు అదే రాష్ట్రంలో ఉండటానికి సంబంధం ఉంది. ఇలాంటి చోట్ల వలయం ముడిసరుకు పరిధిని సూచిస్తుంది. నూడుల్స్ సంగతి వేరు. పిండి ఎక్కడైనా దొరుకుతుంది, తయారైన సరుకు తేలికగా ఉన్నా లారీలో జాగా మింగేస్తుంది. అందుచేత దాన్ని కొనే జనానికి దగ్గరగా, నాలుగైదు చోట్ల చేయడమే లాభం. 2015 నాటికే మ్యాగీ మోగా, బిచోలిం, నంజనగూడు, పంత్‌నగర్, తాహ్లీవాల్‌లలో తయారయ్యేది. అక్కడ వలయం గీస్తే అది మార్కెట్ పరిధి అవుతుంది, పైగా 100 కిలోమీటర్లు చాలా చిన్నది.

అందుచేత పట్టికలో "కారణం" అనే కొత్త నిలువు వరుసను చేర్చండి. పంత్‌నగర్‌కు "పన్ను రాయితీ" అని కూడా రాయవచ్చు. 2003లో కేంద్రం అప్పటి ఉత్తరాంచల్, హిమాచల్ రాష్ట్రాల కొత్త పరిశ్రమలకు పదేళ్ల ఎక్సైజ్ మినహాయింపు ప్రకటించింది. డాబర్ పంత్‌నగర్‌లోనే, బ్రిటానియా పక్కనున్న రుద్రపూర్‌లో కర్మాగారాలు పెట్టాయి. వేర్వేరు ముడిసరుకులు వాడే సంస్థలు ఒకే చోట గుమిగూడితే కారణం నేలలో కాక చట్టంలో ఉందని అనుమానించాలి. ఇదే మాటను తాహ్లీవాల్‌కు అతికించడానికి మాత్రం తొందరపడకండి. ఆ మినహాయింపు 2010 మార్చి 31 లోపు ఉత్పత్తి మొదలుపెట్టిన యూనిట్లకే వర్తించింది, తాహ్లీవాల్ తేదీ 2012. పటం మీద పక్కపక్కన కనిపించిన రెండు కొండ రాష్ట్రాలను ఒకే గాటన కట్టేయడం మన కళ్లకు అలవాటు. తేదీల నిలువు వరుస ఉన్నది దాన్ని ఆపడానికే. ఆ గడిలో ప్రస్తుతానికి "మార్కెట్?" అని ప్రశ్నార్థకంతో రాసి ఉంచండి.

ఇక 80 డిగ్రీల రేఖాంశం మీద ఒక నిలువు గీత గీయండి. తొమ్మిది చుక్కలూ దానికి పడమరనే ఉంటాయి. విజయవాడ, విశాఖపట్నం, భువనేశ్వర్, కోల్‌కతా, గువాహాటి అన్నీ తూర్పు పక్కన పడతాయి. సరుకు దొరకని ఊర్లు కావవి. అంత దూరం రవాణా అయి చేరుతోందన్నది దాని అర్థం. హైదరాబాద్ గీతకు పడమరనే ఉన్నా, అక్కడి నుంచి నేరుగా కొలిస్తే బిచోలిం, పోండా 520 కిలోమీటర్ల పైచిలుకు, నంజనగూడు 610 దాకా వస్తాయి. దగ్గరివి గోవా కర్మాగారాలే అయినా, ఇంట్లోని కాఫీ పొడి గోవా నుంచి వచ్చిందని అనుకోవడానికి వీలులేదు. దగ్గరి చుక్కకు గీత కలిపే ముందు ఆ చుక్క దగ్గర ఏమి తయారవుతుందో చూడాలి.

వచ్చే పాఠంలో నేరు గీతలను వదిలి రోడ్డు దూరాలతో లెక్క కడతాము. ఈ లోపు ఒక అభ్యాసం చేయండి. ఇంట్లో ఉన్న నూడుల్స్ లేదా బిస్కెట్ పొట్లాలు, ఏ సంస్థవైనా సరే, నాలుగైదు ముందు వేసుకోండి. కొన్నింటి మీద మూడు నాలుగు కర్మాగారాల చిరునామాలు వరుసగా అచ్చయి, ఒక్కొక్కదాని ముందు ఒక అక్షరం ఉంటుంది. బ్యాచ్ నంబరులో ఆ అక్షరం ఏదో వెతికితే మీ చేతిలోని పొట్లం ఎక్కడిదో తెలుస్తుంది. చిరునామాలోని పిన్‌కోడు 57తో మొదలైతే కర్ణాటక, 50తో మొదలైతే తెలంగాణ. ఊరి పేరు, పిన్‌కోడు, కొన్న ఊరు, తయారైన తేదీ – ఈ నాలుగింటినీ కొత్త సీఎస్‌వీలో రాసి ఉంచండి. "తయారీ ఫలానా వారు, మార్కెటింగ్ ఫలానా వారు" అని రెండు పేర్లు కనిపిస్తే రెండూ రాయండి. సొంత కర్మాగారం కాకుండా బయటివారి చేత చేయించుకున్న సరుకు అది, దానికి వేరే రంగు చుక్క కావాలి.