రుద్రమ కవచంపై రంగు పగుళ్లు: నేను సరిచేసిన విధానం

హన్మకొండలోని బడి నాటకంలో మా అమ్మాయి రాణి రుద్రమ వేషం వేయవలసి వచ్చినప్పుడు, పిల్లల గదుల్లో పరిచే ఈవీఏ ఫోమ్ చాపలను కోసి కవచం తయారుచేశాను. వేడికి కరిగే జిగురును వదిలే గ్లూగన్‌తో అతికించిన అతుకులు, ఏప్రిల్ ఎండలో స్కూటర్ డిక్కీలో ఉంచిన గంటకే మెత్తబడి విడిపోయాయి. నడుము దగ్గర వంగిన ప్రతిచోటా బంగారు రంగు పెచ్చులుగా రాలింది. అమ్మాయి ముఖం చూడలేకపోయాను.

లోపం రంగులో లేదు. ఫోమ్‌కు ఉన్న సన్నని రంధ్రాలు పూతను పీల్చుకుంటాయి, పైన మిగిలిన పొర ఫోమ్‌తో పాటు వంగలేదు. అందుకే కొత్త ముక్కలను వేడిగాలి ఊదే హీట్‌గన్‌తో ఉపరితలం కాస్త మెరిసేదాకా వేడిచేసి, నీళ్లు కలిపిన తెల్ల ఫెవికాల్‌ను మూడుసార్లు పూసి, ఒక్కొక్క పూతను పూర్తిగా ఆరనిచ్చిన తర్వాతే అక్రిలిక్ రంగును పలుచగా వేశాను. అతుకులకు చెప్పులు బాగుచేసేవారు వాడే రబ్బరు జిగురును రెండు అంచులకూ రాసి, వేలికి అంటనంతగా ఆరాక నొక్కాను. ఒకసారి తాకితే మళ్లీ జరపలేము కనుక గురి ముఖ్యం. ఈ జిగురు ఘాటైనది, కిటికీలు తెరిచే వాడాలి. థర్మోకోల్‌ను మాత్రం కరిగించేస్తుంది, నా మొదటి కిరీటం అలాగే పాడైంది.

లేటెక్స్ అనే సాగే రబ్బరుతో చేసిన గడ్డానికి వేసిన మామూలు రంగు కూడా పగిలింది. ద్రవ లేటెక్స్‌లోనే కొద్దిగా రంగు కలిపి పూస్తే, సాగదీసినా నిలిచింది.