ప్లగ్ పాయింటు జరపాలంటే: గోడలో జాయింటు దాచొద్దు

ఫ్రిజ్ పక్క గోడకు మారింది, మంచం అడ్డొచ్చింది, టీవీ గోడకెక్కింది. ప్లగ్ పాయింటు మాత్రం పాత చోటే ఉంది. అప్పుడు చాలా ఇళ్లలో జరిగేది ఒకటే: పాత వైరుకు కొత్త ముక్క మెలేసి, టేపు చుట్టి, గాడిలో పెట్టి సిమెంటు పూసేస్తారు. ఒక్క పూటలో పనైపోతుంది, పైకి నీటుగానే ఉంటుంది. కొన్నాళ్లకు ఆ మెలి వదులవుతుంది. వదులైన చోట వేడి పుడుతుంది, ఆ వేడికి టేపు జిగురు ఎండి ఊడుతుంది, పైగా వానాకాలం గోడ చెమ్మ. ఆ జాయింటు ఎక్కడుందో తెలియక గోడంతా తవ్వుకోవాల్సి వస్తుంది. కాబట్టి పూత కింద జాయింటు అసలు ఉండకూడదు. తప్పనిసరైతే, ప్లేటు విప్పితే కనబడే బాక్సులోనే, కనెక్టరుతోనే (వైర్లను స్క్రూతో కలిపి బిగించే ముక్క) ఉండాలి.

బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు మార్చుకోవడం వేరు, లైను జరపడం వేరు. రెండోది లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేతుల మీదుగానే జరగాలని కేంద్ర విద్యుత్ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. చోటు తేల్చుకోవడం, సరైన సామాను కొనడం, పని జరుగుతున్నప్పుడు పక్కనే ఉండి చూడటం మీ వంతు. మీటరు, దాని సీలు, సర్వీసు వైరు జోలికి ఎవరూ పోకూడదు. వాటితో పనిపడితే మన కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ 1912కు ఫోన్ చేయండి.

చోటు, ఎత్తు

మామూలు ప్లగ్గు నేల నుంచి అడుగు ఎత్తు చాలు. కానీ వంశధార, నాగావళి పక్క పల్లపు వీధుల్లో, వర్షానికి గుమ్మం దాటి నీళ్లొచ్చే ఇళ్లలో అడుగు ఎత్తు పెట్టడం తెలివైన పని కాదు. అక్కడ 4 అడుగులకు తగ్గకండి. వంటగట్టు మీదైతే గట్టుకు కనీసం 6 అంగుళాల పైన, పొయ్యికీ సింకుకీ దూరంగా ఉండాలి. గీజరుకు 6 నుంచి ఆరున్నర అడుగులు, ఏసీకి 7 అడుగులు.

వైరు సైజు దగ్గర పొదుపు చేయొద్దు. టీవీ, ఫ్రిజ్, ఛార్జరు వంటి 6 ఆంప్స్ ప్లగ్గుకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, వెనక 10 ఆంప్స్ ఎంసీబీ (లోడు మించితే తనంతట పడిపోయే స్విచ్చు). గీజరు, ఇండక్షన్ స్టవ్ లాంటి వాటి 16 ఆంప్స్ ప్లగ్గుకు 2.5 వైరు, 16 ఆంప్స్ ఎంసీబీ. 2000 వాట్ల గీజరు దాదాపు 9 ఆంప్స్ లాగుతుంది, 3000 వాట్లదైతే 13. టన్నున్నర ఏసీకి 4 వైరు వేయిస్తే నిశ్చింత. ఎంసీబీ కాపాడేది వైరును. అది మాటిమాటికీ పడిపోతోందని పెద్దది పెట్టించుకుంటే, ముందు కాలేది గోడలోని వైరే.

కొలత ఇలా వేసుకోండి. పాత బోర్డు 4 అడుగుల ఎత్తున ఉంది, కొత్త చోటు అదే ఎత్తున 6 అడుగుల పక్కకు, గాడి 9 అడుగుల ఎత్తు దాకా ఎక్కుతుంది అనుకుందాం. పైకి 5, అడ్డంగా 6, కిందికి 5, మొత్తం 16 అడుగులు. రెండు చివర్లా అడుగేసి వదిలితే 18. అంటే ఫేజ్‌కు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ, ఒక్కో రంగు 6 మీటర్లు. వీటితో పాటు 20 ఎంఎం పైపులు పదడుగులవి రెండు, బెండ్లు రెండు, మూడు మాడ్యూళ్ల బాక్సు ఒకటి (ప్లగ్గుకు రెండు, స్విచ్చుకు ఒకటి). మలుపుల్లో పొట్టి ఎల్బో వాడితే వైరు లాగేటప్పుడు పట్టేస్తుంది. పొడుగు బెండే తీసుకోండి.

గాడి కొట్టే ముందు

మెయిన్ ఆపితే సరిపోదు. తుపాను దెబ్బలు తిన్న మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో చాలా ఇళ్లలో ఇన్వర్టరు ఉంటుంది, మెయిన్ కట్టేసినా ఇన్వర్టరు లైన్లలో 230 వోల్టులు అలాగే ఉంటాయి. ఇన్వర్టరు స్విచ్చు ఆపి, దాని ప్లగ్గు కూడా పీకండి. టెస్టరును ముందు కరెంటున్న చోట వెలుగుతోందో లేదో చూసి, ఆపైన పని చోట పెట్టి, మళ్లీ ఒకసారి కరెంటున్న చోట చూడాలి. పాడైన టెస్టరు వెలగకపోతే కరెంటు లేదనుకుని వైరు పట్టుకున్నవాళ్లున్నారు.

రసమట్టంతో గీత గీసి, కటింగ్ మిషనుతో రెండు అంచులూ కోసి, మధ్యలోది ఉలితో తీయించండి. పైపు మీద కనీసం అర అంగుళం పూత పడేంత లోతు ఉండాలి, లేకపోతే ఏడాది తిరక్కుండానే గీతలా పగులు కనిపిస్తుంది. నిలువు గాడి సరే. నాలుగున్నర అంగుళాల గోడలో అడ్డ గాడి మాత్రం వద్దు, గోడ అక్కడే బలహీనపడుతుంది. అలాంటి చోట అడ్డం పోయేంత మేర పైకి కనిపించే కేసింగ్ (వైర్లు పోయే ప్లాస్టిక్) పట్టీయే మేలు. కాలమ్, బీము, లింటెల్ జోలికి పోవద్దని మేస్త్రికి ముందే చెప్పండి.

బాక్సు అంచు పూత అంచుతో సరిగ్గా కలవాలి. లోపలికి పోతే ప్లేటు స్క్రూలు అందవు, బయటికొస్తే ప్లేటు ఆనక సందు మిగులుతుంది. సిమెంటు లోపల పడకుండా బాక్సులో కాగితం కుక్కి, గాడిని బాగా తడిపి, 1:4 మాలుతో (ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక) మూయించండి. కళింగపట్నం, బారువ లాంటి తీరం ఊళ్లలో ఇంటి పక్కన దొరికే సముద్రపు ఇసుక ఈ పనికి వాడనివ్వకండి. అందులోని ఉప్పు ఇనుప బాక్సును తొందరగా తినేస్తుంది. మూసే ముందు పక్కన టేపు పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి, రేపు గోడకు మేకు కొట్టేటప్పుడు పనికొస్తుంది. పూత ఆరాకే వైరు లాగాలి.

బిగింపు, పరీక్ష

పాత బాక్సును పూడ్చేయకండి. పాత ప్లగ్గు అక్కడే ఉంటే దాని టెర్మినల్ నుంచే కొత్త వైర్లకు లూప్ ఇవ్వొచ్చు. అది అక్కర్లేదంటే కనెక్టరు పెట్టి, పైన బ్లాంక్ ప్లేటు బిగిస్తే చాలు. ఇది 6 ఆంప్స్ పాయింట్లకు. 16 ఆంప్స్‌కూ ఏసీకీ డీబీ (ఎంసీబీలుండే పెట్టె) నుంచి తెగని వైరు లాగించాల్సిందే.

ప్లగ్గును ఎదురుగా చూస్తే పై పెద్ద రంధ్రం ఎర్త్, కుడి వైపు ఫేజ్, ఎడమ న్యూట్రల్. స్విచ్చు ఫేజ్ మీదే పడాలి. తొడుగు సుమారు 10 ఎంఎం తీసి, పోగులన్నీ కలిపి మెలేసి, స్క్రూ బిగించాక వైరును ఒక్కసారి లాగి చూడండి. కాలి నల్లబడిన గీజరు ప్లగ్గుల్లో చాలావాటికి మూలం ఇక్కడి వదులే.

కరెంటు ఇచ్చాక మల్టీమీటరులో ఫేజ్-న్యూట్రల్ మధ్య సుమారు 230, ఫేజ్-ఎర్త్ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. రెండోది బాగా తక్కువ చూపిస్తే ఎర్త్ పేరుకే ఉందన్నమాట. పాత పెంకుటిళ్లలో రెండు వైర్ల లైన్లే ఎక్కువ. అక్కడ న్యూట్రల్‌ను ఎర్త్ రంధ్రానికి కలిపి పని కానిచ్చేవాళ్లున్నారు. వెనక ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటే. డీబీ దాకా ఎర్త్ వైరు వేయించండి, ఎర్త్ గుంట లేకపోతే ముందు అది తవ్వించండి. మట్టి గోడైతే గాడి ఆలోచనే మానేసి, కేసింగ్, సర్ఫేస్ బాక్సు పెట్టించుకోండి.

కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కి పడుతోందో లేదో చూడండి. కొత్త ప్లగ్గులో ఏది పెట్టినా అది పడిపోతోందంటే, ఫేజ్ ఒక లైనుదీ న్యూట్రల్ మరో లైనుదీ అయి ఉండొచ్చు. ఇన్వర్టరు లైను ఉన్న ఇళ్లలో ఇది తరచూ జరుగుతుంది. ఆర్‌సీసీబీ తీసేయమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, న్యూట్రల్ ఎక్కణ్నుంచి తెచ్చారో చూపించమనండి.