సెకండ్‌హ్యాండ్ తుపాకీ కొనేముందు స్క్రూ తలలు చూడండి

నేను కొన్న మొదటి సెకండ్‌హ్యాండ్ రివాల్వర్ అద్దంలా మెరిసేది. నికెల్ పూత. దాంట్లో నా ముఖం స్పష్టంగా కనబడింది గానీ, ఆ ముఖంలో తెలివి ఎంతుందో మాత్రం కనబడలేదు. బేరం కూడా ఆడకుండా డబ్బు కట్టి, మా షూటింగ్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే పెద్దాయన ముందు గొప్పగా పెట్టాను. ఆయన మెరుపు జోలికే పోలేదు. కళ్లజోడు పైకి తోసుకుని పక్క పలక మీదున్న స్క్రూలు చూశాడు. "ఒరేయ్, దీన్నెవరో కూరగాయల కత్తితో విప్పారు" అన్నాడు.

ఆ తర్వాత పాతికేళ్లలో నావీ, అడిగినవాళ్లవీ కలిపి చాలా తుపాకులు చూశాను. ఇప్పటికీ మొదట చూసేది స్క్రూ తలలే. గాడి అంచులు చెదిరి ఉంటే తెలియనివాడెవడో లోపల వేలు పెట్టాడని అర్థం. వాడు లోపల ఏం అరగదీశాడో, ఏ స్ప్రింగ్ కత్తిరించాడో విప్పితే తప్ప తెలియదు. స్క్రూలు చెక్కుచెదరకుండా ఉంటే మిగతాది ఓపిగ్గా చూడటానికి కూర్చుంటాను.

అంతకన్నా ముందు రెండు పనులున్నాయి. ఒకటి కాగితాలు. మీ దేశంలో లైసెన్సు, యాజమాన్య బదిలీ నియమాలు ఏవైతే అవి, అమ్మేవాడి పేరూ తుపాకీ మీది నంబరూ కాగితంతో సరిపోవాలి. నంబరు గీకేసినట్టున్నా, ఒకదాని మీద ఇంకొకటి కొట్టినట్టున్నా ధర ఎంత తక్కువైనా లేచి వచ్చేయండి. రెండోది, ఖాళీగా ఉందో లేదో మీరే చూడటం. పిస్తోలైతే తూటాల డబ్బా అయిన మ్యాగజైన్ తీసి, పైన జరిగే స్లయిడ్ వెనక్కి లాగి, తూటా కూర్చునే చాంబర్‌ను కంటితో చూసి, వేలు పెట్టి తడమండి. రివాల్వరైతే సిలిండర్ బయటికి తెరిచి ఆరు అరలూ చూడండి. "ఖాళీయేనండీ, నేను చూశాను" అని అమ్మేవాడంటే చిరునవ్వు నవ్వి మళ్లీ చూడండి. చేతులు మారిన ప్రతిసారీ ఇదే వరస. మూతి ఎప్పుడూ ఎవరూ లేని వైపే ఉండాలి.

ఇక పూత సంగతి. పాత పూత అరిగి ఉండటం లోపం కాదు. ఒరలో పెట్టుకుని తిరిగిన తుపాకీకి మూతి దగ్గర, స్లయిడ్ అంచుల మీద నల్లరంగు పోయి తెల్లటి ఇనుము కనబడుతుంది. మోయడం వల్ల వచ్చే అరుగుదల అది, కాల్చడం వల్ల వచ్చేది కాదు. పోలీసు శాఖలు మార్చేసినప్పుడు బయటికొచ్చే పిస్తోళ్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. పైన గీతలే గీతలు, లోపల చూస్తే ఏడాదికి కొన్నిసార్లు కాల్చినంత వాడకమే. నాకు దొరికిన మంచి బేరాలన్నీ ఇవే. అందం చూసుకునేవాళ్లు వాటిని ముట్టుకోరు, నాలాంటివాళ్లకు అదే లాభం.

భయపడాల్సింది కొత్త పూతకి. పాలిష్ చక్రం మీద పెట్టి రుద్దిన తుపాకీ మీద అక్షరాలు కరిగిపోయినట్టుంటాయి. ఫ్యాక్టరీలో కొట్టిన అక్షరం అంచు గోటికి తగులుతుంది, రుద్దినది తగలదు. పిన్నుల చుట్టూ, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం చిన్న సాసరులా పల్లమవుతుంది. పదునుగా ఉండాల్సిన మూలలు సబ్బుబిళ్ల మూలల్లా గుండ్రబడతాయి. నా నికెల్ రివాల్వర్‌కి ఈ మూడూ ఉన్నాయి. వాలుగా వెలుగు పడేట్టు పట్టుకుంటే పూత కింద తుప్పు తిన్న గుంటలు మశూచి మచ్చల్లా కనబడ్డాయి. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. సేకరించేవాళ్ల లెక్కలో, పాత ఫ్యాక్టరీ పూత సగం పోయిన తుపాకీకి ఉండే విలువ, కొత్తగా మెరుగుపెట్టిన దానికి ఉండదు.

రివాల్వర్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మోసపోయింది అక్కడే. మొదట, ఖాళీగా ట్రిగ్గర్ లాగి చూడొచ్చా అని యజమానిని అడగండి. అడగకుండా లాగడం మర్యాద కాదు. తూటా అంచు మీద దెబ్బతో పేలే .22 రిమ్‌ఫైర్ అయితే అసలు లాగొద్దు, తూటాను పేల్చే పిన్ను చాంబర్ అంచుకు కొట్టుకుని దెబ్బతినొచ్చు. ఒప్పుకున్నాక, ఎడమచేతి వేలితో సిలిండర్‌ని కొంచెం నిమిరినట్టు ఆపుతూ, వెనకనుండే సుత్తిలాంటి హామర్‌ను బొటనవేలితో మెల్లగా వెనక్కి తీయండి. హామర్ పూర్తిగా వెనక్కి చేరేలోపు సిలిండర్ తన గాడిలో టక్కున కూర్చోవాలి. ఆరు అరలకూ ఆరుసార్లు చేయండి. ఐదింటికి కూర్చుని ఆరోదానికి కూర్చోకపోతే టైమింగ్ పోయినట్టే. అలాంటిది కాల్చినప్పుడు అర, గొట్టం వరసలో ఉండవు. తూటా అంచు చెక్కుకుపోయి సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి, పక్కన నిలబడ్డవాడి చెంప మీద పడేదాకా కొందరికి తెలియదు.

తర్వాత ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి ఉంచి, హామర్ కిందికి దిగి ఉండగా సిలిండర్‌ని పక్కలకు కదపండి. స్మిత్ అండ్ వెస్సన్‌లో పిసరంత కదలిక మామూలే. 1955లో వచ్చిన కోల్ట్ పైథాన్‌లాంటి పాత కోల్ట్‌లు ఆ స్థితిలో తాళం వేసినట్టు బిగుసుకోవాలి, వాటిలో కదలిక ఉంటే అరుగుదలే. ఏ కంపెనీదో తెలియకుండా "కదులుతోంది కాబట్టి చెడ్డది" అనేయకండి. ఇప్పుడు సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ తోయండి. కొట్టుకున్న చప్పుడు వినబడకూడదు. సిలిండర్ ముందు భాగానికీ గొట్టానికీ మధ్య సందును ఫీలర్ గేజ్‌తో కొలవండి, మోటారు మెకానిక్కులు వాడే రేకుల కట్టే అది. 0.004 నుంచి 0.006 అంగుళాల మధ్య ఉంటే నాకు ఆనందం. 0.010కి చేరితే మరమ్మతు ఖర్చు లెక్క మొదలుపెట్టాల్సిందే. ఆ గేజ్ నా జేబులో లేనిరోజు నేను రివాల్వర్ కొనను.

హామర్ పూర్తిగా వెనక్కి తీసి, ట్రిగ్గర్ తాకకుండా, వెనకనుంచి బొటనవేలితో గట్టిగా ముందుకు నెట్టండి. పడిపోయిందంటే లోపల ఎవరో ట్రిగ్గర్ తేలిక చేయబోయి కొక్కెం అంచు అరగదీశారు. దాని మీద బేరం వద్దు, బాగుచేయించి తెమ్మని చెప్పి రండి. సిలిండర్ తెరిచి గొట్టం వెనక కొన దగ్గర దీపం పెట్టి చూడటం మరిచిపోవద్దు. స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 19లో ఆ కొన కింది భాగం చదునుగా కోసి పల్చగా ఉంటుంది. 125 గ్రెయిన్ల బరువున్న తేలిక తూటాతో పూర్తి శక్తి .357 మాగ్నమ్ ఎక్కువగా కాల్చినవాటిలో సరిగ్గా అక్కడే పగులు వస్తుంది. వెంట్రుకంత గీత ఉన్నా గొట్టం మార్చాల్సిందే. దాని పైన ఫ్రేమ్ మీద మంట కోసినట్టు సన్నని గాడి కనబడితే మాత్రం కంగారుపడొద్దు, అది కొంతవరకు పోయి ఆగిపోతుంది. ఒక్క మణికట్టు విసురుతో సిలిండర్ మూసే సినిమా విద్య అమ్మేవాడు మీ ముందే ప్రదర్శిస్తే, సిలిండర్‌ని మోసే చేయి వంగి ఉంటుందనుకుని రెండింతలు జాగ్రత్తగా చూడండి.

పాత వెబ్లీ .455 రివాల్వర్లలో ఇంకో తిరకాసు ఉంది. .45 ఏసీపీ తూటా పట్టడానికి చాలావాటికి సిలిండర్ వెనకభాగం చెక్కేశారు. ఫ్యాక్టరీ .45 ఏసీపీ ఒత్తిడి ఆ ఉక్కుకు మించిన బరువు. గోడకు తగిలించుకునే వస్తువుగా దాని ధర వేరు, కాల్చే తుపాకీగా దాని ధర వేరు.

పిస్తోలు దగ్గర పని తక్కువ. విప్పి చూపించమనండి, విప్పనివ్వకపోతే నేను కొనను. గొట్టంలోకి వెలుగు పంపండి. దీపం లేకపోతే తెల్లకాగితం వెనకనుంచి చూపినా చాలు. గొట్టం లోపలి మెలి గాళ్ల మధ్య ఒకచోట నల్లటి ఉంగరంలాంటి నీడ కనబడితే గొట్టం ఉబ్బింది. ఎప్పుడో ఒక తూటా మధ్యలో ఇరుక్కుపోతే దాని వెనకే ఇంకొకటి కాల్చారు. అక్కడితో ఆ గొట్టం పని అయిపోయినట్టే. సైన్యాలు వాడిన పాత తూటాల్లోని ప్రైమర్, అంటే పిన్ను దెబ్బకు నిప్పు పుట్టించే మందు, లవణం వదిలేది, కాల్చిన రోజే కడగకపోతే గొట్టం లోపల తినేసేది. ఆ గుంటలు కొద్దిగా ఉంటే గురి పెద్దగా చెడదు, ధర మాత్రం తగ్గాలి. బెరెటా 92 అయితే గొట్టాన్ని స్లయిడ్‌తో బిగించే లాకింగ్ బ్లాక్ చెవులు పగిలాయేమో చూడండి. ఆ భాగం కాలంతో పగిలేదే.

ఇక చేతి పరీక్షలు. ట్రిగ్గర్ లాగి పట్టుకునే ఉండి స్లయిడ్ లాగి వదలండి. హామర్ పైనే నిలవాలి. ట్రిగ్గర్ వదిలితే టిక్ మనాలి, మళ్లీ లాగితేనే పడాలి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి, వేలు తీసి సేఫ్టీ తీయండి. ఆ క్షణంలో హామర్ కదిలితే ఆ తుపాకీ మనిషిని చంపుతుంది. 1911 మోడల్ పిస్తోలైతే పిడి వెనక ఉన్న సేఫ్టీని నొక్కకుండా కూడా ఇదే చేయండి. పెన్సిల్ పరీక్ష నాకు చాలా ఇష్టం. చాంబర్ మరోసారి చూసి, రబ్బరు ఉన్న కొస లోపలికి పోయేలా పెన్సిల్‌ని గొట్టంలో వేసి, మూతి పైకెత్తి ట్రిగ్గర్ లాగితే పిన్ను తగిలి పెన్సిల్ ఎగరాలి. బద్ధకంగా కదిలితే పిన్నో స్ప్రింగో చూసుకోవాలి.

స్ప్రింగులు అరిగాయని ధర మరీ తగ్గించమంటే అమ్మేవాడు మనల్ని చూసి నవ్వుతాడు. అవి కారు చక్రాల్లాంటివి, మార్చుకుంటూ పోవాల్సినవే. మ్యాగజైన్ల సంగతి వేరు. తయారీ ఆగిపోయిన మోడల్‌కి అదనపు మ్యాగజైన్ వెతకడం మొదలుపెడితే తెలుస్తుంది, ఆ రేకు డబ్బా ఎందుకు అంత ఖరీదో. తూటాను పట్టి ఉంచే దాని పై అంచులు వంగాయేమో కూడా చూడండి. తూటా ఇరుక్కుంటోందని తుపాకీని తిట్టినవాళ్లలో చాలామంది తిట్టాల్సింది దీన్నే.

ధర కట్టడానికి నేను చేసేది ఇది. అమ్మకానికి పెట్టిన ధరలు చూడను, నిజంగా అమ్ముడుపోయిన ధరలు చూస్తాను. అడిగేవాడు ఎంతైనా అడుగుతాడు. ఆ స్థితిలో ఉన్న అదే మోడల్ ఎంతకు పోయిందో దాంట్లోంచి, నేను మార్చాల్సిన భాగాలు, మరమ్మతు కూలి, కొనాల్సిన మ్యాగజైన్లు తీసేస్తాను. స్థితిని చెప్పడానికి అమెరికాలోని నేషనల్ రైఫిల్ అసోసియేషన్ (ఎన్ఆర్ఏ) పెట్టిన అంచెలు వాడతారు. వాటిలో "గుడ్" అంటే పనిచేసే భాగాల మీద కొద్దిగా అరుగుదల, విరిగినవేవీ లేకపోవడం, పనికి అడ్డొచ్చే తుప్పు లేకపోవడం. "ఫెయిర్" అంటే బాగా అరిగి, చిన్న భాగాలో సర్దుబాట్లో కావలసి ఉన్నా సురక్షితంగా పనిచేసేది. అమ్మేవాళ్లు సాధారణంగా ఒక అంచె పైకి చెబుతారు, దాన్ని దించుకోవాలి.

మీరు కాల్చడానికి కొంటున్నారా, దాచడానికా అన్నది ముందే తేల్చుకోండి. 1908లో జర్మన్ సైన్యం తీసుకున్న లూగర్‌లో చిన్న భాగాల మీద కూడా ఫ్రేమ్ నంబరులోని చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి. ఒక భాగం నంబరు తేడా ఉంటే సేకర్త వెళ్లిపోతాడు. కాల్చేవాడికి అదే అదృష్టం. అసలు పెట్టె, దాని మీద కలిసే నంబరు సేకర్తకు డబ్బు, నాకు అట్ట. అలాగే ముందు యజమాని ట్రిగ్గర్‌కీ పిడికీ పెట్టిన ఖర్చు ఆయన ముచ్చట. దానికి నేను కట్టను.

వీలైతే రేంజిలో, పర్యవేక్షకుడి ఎదుట ఒక యాభై తూటాలు కాల్చి చూడండి. ఖాళీ తొడుగులు ఏరి ప్రైమర్ మీద పిన్ను గుర్తు చూడండి. రివాల్వర్‌లో ఒక అరలో మాత్రం గుర్తు పక్కకు జరిగితే, బల్ల మీద పట్టని టైమింగ్ అక్కడ పట్టుబడుతుంది.

కొన్నాక మొదటి రోజే కొలతలన్నీ నోట్‌బుక్‌లో రాస్తాను, ఏడాది తర్వాత ఎంత మారిందో తెలియడానికి. ఆ నికెల్ రివాల్వర్ పేజీ ఇప్పటికీ ఉంది. పెద్దాయన గేజ్ తీసి చూపించిన అంకె నా చేతే రాయించాడు: 0.011.