ఫ్యామిలీ థెరపీ ప్రొఫెసర్‌ని ఎంచుకోవాలంటే అద్దం వెనక కూర్చోబెట్టి చూడండి

అమెరికా యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ ప్రొఫెసర్లను ఎంపిక చేసే సెర్చ్ కమిటీల నిండా మనవాళ్లే. మ్యారేజ్ అండ్ ఫ్యామిలీ థెరపీలో నాలాంటివాళ్లు అరుదు. మొన్న వేరే విభాగం నుంచి మా కమిటీలోకి వచ్చిన తెలుగాయన ఒకరు "సైకాలజీలో పీహెచ్‌డీ ఉంటే చాలదాండీ?" అన్నారు. చాలదు. ఎందుకు చాలదో, ఏం చూసుకోవాలో రాస్తున్నాను.

ఈ వృత్తికి వేరే లైసెన్స్ ఉంది. 1963లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది, 2009 నాటికి 50 రాష్ట్రాలూ ఇచ్చాయి. మా విద్యార్థులు చదువుకుంటూనే ప్రోగ్రామ్ క్లినిక్‌లో నిజమైన దంపతులను, కుటుంబాలను చూస్తారు. ఆ గదిలో ఏం జరిగినా జవాబు చెప్పాల్సింది వాళ్ల పనిని పర్యవేక్షించే సూపర్‌వైజర్. మనం తెచ్చుకునేది ఆ మనిషిని. పాఠం బాగా చెప్పేవాళ్లు దొరకడం అంత కష్టమేం కాదు.

ప్రకటన రాసేముందు డీన్‌తో కూర్చుని ఒక సంగతి తేల్చుకోండి: ఉద్యోగం తొమ్మిది నెలలదా, పన్నెండు నెలలదా? వేసవి సెలవులు యూనివర్సిటీకే, క్లయింట్ల గొడవలకు కాదు. క్లినిక్ బాధ్యత కూడా అప్పగించేటట్టయితే ఎన్ని కోర్సులు తగ్గిస్తారో కాగితం మీద ఉండాలి. "చూద్దాంలెండి" అన్న డీన్ మరుసటి ఏడాది అక్కడ ఉండకపోవచ్చు.

తప్పనిసరి అర్హతలు తక్కువగా, ఆలోచించి పెట్టండి. అందులో రాసినదాన్ని తర్వాత ఒకరి కోసం సడలిస్తామంటే హెచ్ఆర్ ఒప్పుకోదు. నేనైతే రెండింటి మీద పట్టుబడతాను: మా రాష్ట్రంలో లైసెన్స్ ఉండాలి, లేదా దానికి అర్హత ఉండాలి; ఏఏఎంఎఫ్‌టీ (అమెరికాలో ఈ వృత్తివాళ్ల జాతీయ సంఘం) అప్రూవ్డ్ సూపర్‌వైజర్ అయినా అయ్యుండాలి, ఆ శిక్షణలోనైనా ఉండాలి. ప్రోగ్రామ్ గుర్తింపు నిలవాలంటే ఈ రెండోదో, దానికి సమానమైన అర్హతో లేకుండా కుదరదు. మామూలుగా ప్రకటన సెప్టెంబర్‌లో పడుతుంది, వీడియో ఇంటర్వ్యూలు క్రిస్మస్ లోపు, క్యాంపస్ పిలుపులు జనవరి, ఫిబ్రవరిల్లో. ఉద్యోగంలో చేరేది ఆగస్టులో.

దరఖాస్తుల్లో ఫ్యామిలీ థెరపీకి ఆద్యులైన మినూచిన్, బోవెన్, సటీర్ పేర్లు అందరూ రాస్తారు. వాటిని దాటి చదవండి. ఈ మనిషి చేసిన పనిలో దంపతులూ కుటుంబాలూ ఎంత, ఒంటరిగా వచ్చిన క్లయింట్లు ఎంత? భార్యాభర్తలు అరుచుకుంటుంటే నోరు పెగలక కూర్చున్న విద్యార్థి గురించి ఒక్క ముక్కైనా రాశారా?

ఇంటర్వ్యూలో నేను వదలకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. సెషన్ అయిన రెండో రోజు భర్త ఫోన్ చేసి, తనకు వేరే సంబంధం ఉందనీ, భార్యకు చెప్పొద్దనీ మీ విద్యార్థితో అన్నాడు. ఏం నేర్పుతారు? ఒకరు విడిగా చెప్పిన రహస్యాన్ని వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా రెండోవారికి చెప్పకూడదని మా నీతి నియమావళి అంటుంది. అది ఒప్పజెప్పి ఊరుకునేవాళ్లు ఎక్కువ. మొదటి సెషన్‌లోనే, ఇలాంటి ఫోన్ వస్తే ఏం చేస్తామో ఇద్దరి ముందూ చెప్పి సంతకం తీసుకోవడం నుంచి మొదలుపెట్టేవాళ్లు క్లినిక్ నడిపినవాళ్లు.

క్యాంపస్‌కి వచ్చినప్పుడు పరిశోధన ప్రసంగం, ఒక నమూనా క్లాసు ఎక్కడైనా ఉంటాయి. వాటికి తోడు సూపర్‌విజన్ కూడా చేయించండి. మా పీహెచ్‌డీ విద్యార్థులు ఇద్దరు దంపతులుగా నటిస్తారు, ఎంఏ విద్యార్థి థెరపిస్ట్. అభ్యర్థి వన్‌వే మిర్రర్ (ఒకవైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం) వెనక, చేతిలో ఫోన్. ఎప్పుడు లోపలికి ఫోన్ చేస్తారో, ఎంతసేపు ఆగుతారో గమనించండి. మంచివాళ్లు ఒక్క వాక్యం చెబుతారు, అది ఆ విద్యార్థి నోట్లో పట్టేంత చిన్నదై ఉంటుంది. కొందరు తలుపు తోసుకుని వెళ్లి సెషన్ మొత్తం తామే నడిపేస్తారు. చూడ్డానికి భలేగా ఉంటుంది, చప్పట్లు కూడా పడతాయి. విద్యార్థి మాత్రం మూలకు ఒదిగి కూర్చుంటాడు. తర్వాత అభ్యర్థిని ఆ విద్యార్థితో పది నిమిషాలు మాట్లాడించి, ఆ మాటలూ వినండి. నా ఓటు సగం అక్కడే తేలిపోతుంది. ఒక జాగ్రత్త: అసలు క్లయింట్ల వీడియోలు దీనికి వాడొద్దు. వాళ్లు అనుమతి ఇచ్చింది ఉద్యోగానికి వచ్చినవాళ్లు చూడ్డానికి కాదు.

రాత్రి భోజనాల దగ్గర నోరు అదుపులో పెట్టుకోండి. పెళ్లయిందా, పిల్లలెంతమంది అని అడక్కపోతే మనకు పలకరింపే పూర్తి కాదు కదా. ఇక్కడ అవి అడగకూడని ప్రశ్నలు. ఉద్యోగం రానివాళ్లు వివక్ష కేసు వేస్తే అవే సాక్ష్యం. మా విభాగంలో ప్రమాదం ఇంకా ఎక్కువ, సూప్ వచ్చేలోపే ఎవరో ఒకరు అభ్యర్థి జీనోగ్రామ్ (కుటుంబ బంధాల పటం) గీయడం మొదలుపెడతారు.

మీరు ఎంచుకున్నది వీసా కావాల్సిన మనిషైతే, యూనివర్సిటీలకు హెచ్-1బీ వార్షిక పరిమితి వర్తించదు. గ్రీన్ కార్డ్‌కి మాత్రం, బోధన ఉద్యోగాలకున్న ప్రత్యేక పద్ధతిలో లేబర్ సర్టిఫికేషన్ (కార్మిక శాఖ ధ్రువీకరణ) దరఖాస్తు ఎంపిక జరిగిన 18 నెలల లోపు పడాలి. దానికి జాతీయ స్థాయి వృత్తి పత్రికలో ప్రకటన వచ్చుండాలి, ఆన్‌లైన్‌లో అయితే కనీసం 30 రోజులు. మొదటి రోజు, చివరి రోజు స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. ఏడాది తర్వాత లాయర్ అడిగితే ఎవరి దగ్గరా ఉండవు.

ఆఫర్ లెటర్‌లో జీతంతో పాటు లైసెన్స్ సంగతి కూడా రాయండి: ఏ తేదీలోపు తెచ్చుకోవాలి, ఫీజు ఎవరు కట్టాలి. ఒక రాష్ట్రం లైసెన్స్ ఇంకో రాష్ట్రంలో దానంతటదే చెల్లదు. బదిలీకి నెలలు పట్టొచ్చు, ఈలోపు విద్యార్థుల క్లినికల్ గంటల మీద సంతకం ఎవరిదో ముందే తేల్చుకోండి.

చివరిదాకా వచ్చి ఉద్యోగం రానివాళ్లకు హెచ్ఆర్ ఈమెయిల్ వెళ్లకముందే మీరే ఫోన్ చేయండి. మాది చిన్న రంగం. రేపు మీ ప్రోగ్రామ్ గుర్తింపు తనిఖీకి వచ్చే బృందంలో వాళ్లలో ఒకరు కూడా ఉండొచ్చు.